చిన్నపిల్లల కోసం ఫ్రేమ్ పూల్‌లో నీటి లోతు: ఎంత ఉంచాలి, ఎలా సరిచేయాలి

పెరట్లోనో ఇంటి ముందు ఖాళీ జాగాలోనో నిలబెట్టుకునే ఫ్రేమ్ పూల్ (గొట్టాల చట్రానికి గుడ్డ గోడ తొడిగినది) డబ్బా మీద 10 అడుగులు × 30 అంగుళాలు లాంటి కొలతలు రాసి ఉంటాయి. మొదటిది పూల్ వ్యాసం, రెండోది గోడ ఎత్తు. రెండున్నర అడుగులే కదా, పిల్లలకేం ఫర్వాలేదులే అనిపిస్తుంది. కానీ ఇలాంటి పూల్‌ను గోడ ఎత్తులో 90 శాతం దాకా నింపితే నీళ్ళు 68 సెంటీమీటర్ల లోతుకు వస్తాయి. రెండేళ్ళ బిడ్డ సగటు ఎత్తు 86–88 సెంటీమీటర్లు. నిలబడితేనే భుజాల దాకా నీళ్ళు. కాలు జారితే లేచి నిలబడడం ఆ వయసు బిడ్డకు చాలా కష్టం.

కాబట్టి లోతు తగ్గించాలి. ఎంత తగ్గించాలన్నది దిగేవాళ్ళలో అందరికంటే చిన్న బిడ్డ ఒంటి కొలతే చెబుతుంది. అలా తగ్గించిన నీళ్ళకు ఆ పూల్ మరీ పెద్దదైపోతే, నీళ్ళు కాదు, పూల్ మార్చాలి. ఈ రెండు మాటలూ మనసులో పెట్టుకుంటే మిగతాదంతా కొలతల పని, పైపుల పని.

ఒక మాట మాత్రం ముందే. ఒకటి రెండు అంగుళాల నీళ్ళలో కూడా పసిపిల్లలు మునిగి చనిపోగలరని అమెరికా పిల్లల వైద్యుల సంఘం చాలా ఏళ్ళుగా హెచ్చరిస్తోంది. లోతు తగ్గిస్తే ప్రమాదం తగ్గుతుంది, పూర్తిగా పోదు. చేయి చాస్తే అందేంత దూరంలో పెద్దవాళ్ళు లేకుండా ఈ కొలతలేవీ పనికిరావు.

ముందు బిడ్డను కొలవండి

టేపు, పెన్సిలు తీసుకుని బిడ్డను ఇంట్లోనే గోడకు ఆనించి నిలబెట్టండి. చెప్పులు ఉండకూడదు. బొడ్డు ఎంత ఎత్తులో ఉందో గోడ మీద గీత పెట్టండి. తర్వాత అక్కడే కాళ్ళు చాపించి నేల మీద కూర్చోబెట్టి, చంక ఎంత ఎత్తులో ఉందో మరో గీత పెట్టండి. ఈ రెండు కొలతలు చాలు.

నాలుగేళ్ళలోపు పిల్లలకు కూర్చున్న కొలతే లెక్క. ఎందుకంటే ఈ వయసు పిల్లలు నీళ్ళలో ఎక్కువసేపు నిలబడరు. చతికిలబడతారు, బొమ్మ కోసం వంగుతారు, వెనక్కి తూలుతారు. కూర్చున్నా తల, భుజాలు నీళ్ళపైన ఉండాలి. కాబట్టి చంక గీతకు ఇంకో 5 సెంటీమీటర్లు తగ్గించి, అదే లోతు అనుకోండి. నాలుగు దాటి, నీళ్ళలో కాళ్ళు ఆనించి స్థిరంగా నిలబడగలిగే పిల్లలకు బొడ్డు గీతలోంచి 5 సెంటీమీటర్లు తీసేయండి. ఈత రానంత వరకు ఏడెనిమిదేళ్ళ పిల్లలకు కూడా ఈ హద్దు దాటనివ్వకండి.

సుమారు లెక్క కావాలంటే ఇలా మొదలుపెట్టవచ్చు. ఏడాది దాటి నిటారుగా కూర్చోగలిగే బిడ్డకు 10 నుంచి 15 సెంటీమీటర్లు. రెండు మూడేళ్ళ పిల్లలకు 20–25. నాలుగైదేళ్ళకు 40–50. ఆరు నుంచి ఎనిమిదేళ్ళ వాళ్ళకు 55–65. పిల్లల ఎత్తులు ఒకేలా ఉండవు కాబట్టి ఈ అంకెకు, గోడ మీది గీతకు తేడా వస్తే గీతనే నమ్మండి. రెండింటిలో ఏది తక్కువైతే అది తీసుకోవడం ఇంకా మంచిది. సొంతంగా కూర్చోలేని పసికందును ఏ లోతులోనూ నీళ్ళలో వదలకూడదు. ఎత్తుకునే ఉండాలి.

ఆ 5 సెంటీమీటర్ల తగ్గింపు ఊరికే పెట్టింది కాదు. పెద్దవాళ్ళు దిగితే నీళ్ళు పైకి లేస్తాయి. 8 అడుగుల గుండ్రటి పూల్‌లో సెంటీమీటరు లోతుకు 47 లీటర్ల నీళ్ళు పడతాయి. ఇద్దరు పెద్దవాళ్ళు నడుము లోతు మునిగేలా కూర్చుంటే వాళ్ళ ఒళ్ళు పక్కకు నెట్టే నీళ్ళతోనే మట్టం ఒకటిన్నర సెంటీమీటర్లకు దగ్గరగా పెరుగుతుంది. పిల్లలు గంతులేస్తే అలలు అంతకు మించి లేస్తాయి. పైగా నేల పూర్తిగా సమంగా ఉండదు.

ఇంట్లో రెండేళ్ళ పాప, ఏడేళ్ళ అన్న ఉంటే ఇద్దరికీ మధ్యస్థంగా ఉంటుందని 45 సెంటీమీటర్లు పెట్టేస్తుంటారు. ఇది చాలా తప్పు. ఆ లోతు అన్నకు చప్పగా ఉంటుంది, చెల్లికి ప్రాణం మీదికి వస్తుంది. చెల్లి దిగినప్పుడు చెల్లి లోతే ఉండాలి. లేదా పక్కనే ఆమెకో చిన్న తొట్టి పూల్ పెట్టి, రెండింటికీ విడివిడిగా ఒక్కో పెద్దమనిషిని కూర్చోబెట్టండి. ఒక్కరే రెండు పూల్స్ చూసుకోవడం జరిగేపని కాదు.

ఆ లోతుకు మీ పూల్ సరిపోతుందా

నేను పాటించే లెక్క ఒకటి ఉంది. కావలసిన లోతు గోడ ఎత్తులో సగానికన్నా తక్కువైతే ఆ పూల్ ఆ బిడ్డకు కాదు. 76 సెంటీమీటర్ల గోడ ఉన్న పూల్‌లో 40 సెంటీమీటర్ల నీళ్ళు పెట్టి నాలుగేళ్ళ పిల్లలను ఆడించవచ్చు. అదే పూల్‌లో 20 సెంటీమీటర్లు పోసి రెండేళ్ళ బిడ్డను దించడం తెలివైన పని కాదు.

కారణం చేతి పొడవు. గోడ బయట మోకాళ్ళ మీద కూర్చున్న పెద్దవాళ్ళు గోడ మీదుగా వంగి, అడుగున పడిపోయిన బిడ్డను పట్టుకోవాలి. నీళ్ళు తక్కువగా ఉంటే అడుగునే ఉంటుంది, మధ్యలో 76 సెంటీమీటర్ల గోడ. నాలుగు అడుగుల గోడ ఉన్న పూల్ అయితే చేయి అసలు అందదు. ఇలాంటి పూల్‌లో లోతు తగ్గించారంటే పెద్దవాళ్ళు బయట కుర్చీలో కూర్చోవడం మానేసి లోపల, నీళ్ళలోనే ఉండాలి. వేరే దారి లేదు.

పూల్ రకాన్ని బట్టి కూడా తేడా ఉంటుంది. పైన గాలి రింగు ఉండే పూల్‌లో నీళ్ళు పెరిగేకొద్దీ రింగు తేలుతూ గోడను పైకి లేపుతుంది. నీళ్ళు తక్కువగా పోస్తే గోడ కూడా అంతే ఎత్తులో ఆగిపోతుంది. బిడ్డ దాని మీద ఆనుకుంటే రింగు అణిగి, నీళ్ళతో పాటు బిడ్డ కూడా బయటికి జారిపోతుంది. బయట తిరిగే బిడ్డ అంతే సులువుగా లోపలికీ పడుతుంది. ఇనుప గొట్టాల ఫ్రేమ్ ఉన్న పూల్ నీళ్ళు తక్కువైనా నిలబడుతుంది, కానీ గోడ గుడ్డ వదులై అడుగున ముడతలు పడతాయి. పిల్లల కాళ్ళు తట్టుకునేది ఆ ముడతల్లోనే.

అమెరికాలో మనవాళ్ళ ఇళ్ళ వెనక కనిపించే స్టీలు గోడల పెద్ద పూల్స్ సంగతి వేరు. వాటి గోడ 48 లేదా 52 అంగుళాలు ఉంటుంది, లోపల వినైల్ లైనర్ పరిచి ఉంటుంది. నీటిమట్టం స్కిమ్మర్ (నీళ్ళ మీద తేలే చెత్తను లాగేసే గోడ పెట్టె) నోటికి మధ్యలో ఉండేలా వాటిని తయారుచేస్తారు. పిల్లల కోసమని వాటిలో నీళ్ళు బాగా దించేస్తే లైనర్ ముడుచుకుపోతుంది, గాలికి గోడ కూడా వంగవచ్చు. అలాంటి పూల్ ఉంటే లోతు జోలికి పోకుండా పసిపిల్లలకు వేరే చిన్నది కొనండి. లోపల బల్ల వేసి దాని మీద నిలబెడదామన్న ఆలోచన కూడా వద్దు. బల్ల అంచు దాటి ఒక్క అడుగు వేస్తే అవతల నాలుగు అడుగుల నీళ్ళు.

డాబా మీద పెట్టాలనుకుంటే

నగరాల్లో ఖాళీ జాగా లేక చాలామంది పూల్‌ను డాబా మీదికి ఎక్కిస్తున్నారు. ఇక్కడ నీటి లోతు పిల్లల విషయమే కాదు, స్లాబు విషయం కూడా. చదరపు మీటరు జాగాలో ఒక్క సెంటీమీటరు నీళ్ళు నిలిస్తే 10 కిలోల బరువు. ఎక్కి తిరిగే డాబా కప్పుకు మన దేశపు ప్రమాణం ఐఎస్ 875 రెండో భాగం ప్రకారం లెక్కవేసే అదనపు బరువు చదరపు మీటరుకు 1.5 కిలోన్యూటన్లు, అంటే దాదాపు 150 కిలోలు. నీటి లెక్కలో చెప్పాలంటే 15 సెంటీమీటర్ల లోతు. అంతే. 68 సెంటీమీటర్లు నింపితే చదరపు మీటరుకు 680 కిలోలు పడతాయి, అందులో ఆడే మనుషుల బరువు ఇంకా కలపలేదు.

అందుకే డాబా మీద పసిపిల్లల గాలి తొట్టి, పది పన్నెండు సెంటీమీటర్ల నీళ్ళు, అంతకు మించి వద్దు. ఇంకేదైనా పెట్టాలంటే ఆ ఇంటి డ్రాయింగులు చూసిన స్ట్రక్చరల్ ఇంజనీరు రాసివ్వాలి. పక్కింటివాళ్ళ డాబా తట్టుకుంది కాబట్టి మనదీ తట్టుకుంటుందనడం లెక్క కాదు. తొట్టిని పిట్టగోడకు ఆనించి కూడా పెట్టకండి. పిల్లలు తొట్టి అంచు ఎక్కారంటే పిట్టగోడ ఎత్తు సగానికి పడిపోయినట్టే.

నేల చదును, నీళ్ళు నింపడం

నేల వాలుగా ఉంటే లోతు ఎక్కడికక్కడ మారుతుంది. 10 అడుగుల వెడల్పులో 5 సెంటీమీటర్ల వాలు కంటికి కనిపించదు. కానీ 20 సెంటీమీటర్లని మీరనుకునే పూల్‌లో ఒక అంచున 22న్నర, ఎదుటి అంచున 17న్నర ఉంటాయి. మేస్త్రీలు వాడే లెవెల్ పైపు ఉంటే అదే అన్నిటికన్నా నమ్మకమైనది. పారదర్శకమైన పైపులో నీళ్ళు నింపి రెండు చివర్లూ పూల్ పెట్టే చోట ఎదురెదురుగా పట్టుకుంటే రెండువైపులా నీటిమట్టం ఒకటే ఉంటుంది. అక్కడి నుంచి నేల దాకా కొలిస్తే తేడా బయటపడుతుంది. లేకపోతే పొడవాటి బద్ద మీద రసమట్టం పెట్టి చూడండి. ఎత్తుగా ఉన్నచోట మట్టి చెక్కేయండి, పల్లంగా ఉన్నచోట మట్టి పోసి ఎత్తు పెంచకండి. పోసిన మట్టి నీటి బరువుకు దిగిపోతుంది. రాళ్ళు, పుల్లలు ఏరేసి టార్పాలిన్ పరచాలి.

కొలకర్ర ముందే తయారుచేసుకోండి. అర అంగుళం పీవీసీ పైపు ఒక మీటరు ముక్క తీసుకుని, లైనర్ గీసుకుపోకుండా రెండు చివరలా మూతలు పెట్టండి. చెరగని మార్కరుతో అడుగు నుంచి 5 సెంటీమీటర్లకో గీత గీయండి. బిడ్డకు నిర్ణయించిన లోతు దగ్గర ఎర్ర ఇన్సులేషన్ టేపు చుట్టండి. పూల్ గోడ మీద గీతలు పెట్టుకోవడం కన్నా ఇదే నయం. గోడ గుడ్డ నీటి బరువుకు ఉబ్బి సాగుతుంది, దాని మీది గీత నిజమైన లోతు చెప్పదు. ఎప్పుడూ అడుగు నుంచే కొలవాలి, అదీ మధ్యలోనూ నాలుగు వైపులా.

మొదట రెండు మూడు సెంటీమీటర్ల నీళ్ళు వదిలి కుళాయి కట్టేయండి. పూల్‌లోకి దిగి అడుగు ముడతలన్నీ మధ్య నుంచి అంచులకు కాళ్ళతో నెట్టండి. నీళ్ళు ఒక పక్కకే చేరుతున్నాయంటే వాలు ఉన్నట్టే. బద్ధకించకుండా ఆ కొద్ది నీళ్ళూ తీసేసి నేల సరిచేయండి. తర్వాత ఇంకెప్పుడూ అంత తేలిక కాదు.

ఎంతసేపు పడుతుందో ముందే లెక్కేసుకోవచ్చు. 10 అడుగుల పూల్‌లో సెంటీమీటరుకు 73 లీటర్లు, 12 అడుగుల దానిలో 105, 15 అడుగుల దానిలో 164. మీ కుళాయి 20 లీటర్ల బకెట్‌ను నిమిషంపావులో నింపుతుందనుకుంటే నిమిషానికి 16 లీటర్లు. 10 అడుగుల పూల్‌లో 10 సెంటీమీటర్లు పెంచాలంటే 730 లీటర్లు కావాలి, ముప్పావుగంట పడుతుంది. ఫోన్‌లో అలారం పెట్టుకోండి. మర్చిపోతే నీళ్ళు వృథా అవడమే కాదు, లోతు పెరిగిన సంగతి తెలియకుండానే సాయంత్రం పిల్లలు దిగిపోతారు.

పైపు చివర నీళ్ళలో మునిగి ఉండకూడదు. మన ఊళ్ళలో మునిసిపల్ నీళ్ళు వేళకు వస్తాయి, వేళకు ఆగిపోతాయి. ఆగిన క్షణంలో, లేదా పక్కింట్లో మోటారు వేసినప్పుడు, మునిగి ఉన్న పైపు పూల్ నీళ్ళను తాగునీటి గొట్టంలోకి వెనక్కి లాగేస్తుంది. పైపును ఫ్రేమ్‌కు కట్టి, నోరు నీటికి జానెడు ఎత్తున వేలాడేలా పెట్టండి.

ఎక్కువైన నీళ్ళు కచ్చితంగా కావలసినంతే తీయడం

పెద్ద పిల్లలు ఈదిన పూల్‌లో 60 సెంటీమీటర్లున్నాయి, చిన్నవాళ్ళ కోసం 45కి తేవాలనుకోండి. అడుగున బిరడా తీస్తే నీళ్ళు పోతాయి, కానీ ఎక్కడ ఆపాలో పక్కనే నిలబడి చూస్తూ ఉండాలి. దానికన్నా సైఫన్, అంటే నీళ్ళు నింపిన పైపుతో గోడ మీదుగా నీళ్ళు లాగడం మేలు. ఎక్కడ ఆగాలో అది తనంతట తానే ఆగుతుంది.

కొలకర్రను పూల్‌లో నిలువుగా పెట్టి, పై కొసను ఫ్రేమ్ గొట్టానికి గట్టిగా కట్టండి. తోటకు నీళ్ళు పట్టే పైపు ఒక చివరను ఆ కర్రకు, 44 సెంటీమీటర్ల గీత దగ్గర నోరు ఉండేలా రెండుచోట్ల కట్టండి. ఒక సెంటీమీటరు తక్కువ ఎందుకంటే, మట్టం పైపు నోటికి దగ్గరయ్యేసరికే సుడి తిరిగి గాలి పీల్చుకోవడం మొదలవుతుంది. ఇప్పుడు పైపు రెండో చివరను కుళాయికి తగిలించి నీళ్ళు వదలండి. మునిగిన పైపు నీళ్ళను వెనక్కి లాగే ప్రమాదం ఇక్కడా ఉంది కాబట్టి, ఈ కాసేపూ కుళాయి దగ్గరే ఉండండి. పైపులోని గాలంతా పూల్‌లోకి బుడగలుగా పోతుంది. బుడగలు ఆగాక కుళాయి దగ్గర పైపును మడిచి పట్టుకుని, ఊడదీసి, నేలకు ఆనేంత కిందికి దించి వదిలేయండి. నీళ్ళు ధారగా బయటికి వస్తాయి. మట్టం 45కి వచ్చేసరికి పైపు గురగురమని గాలి పీల్చి ఆగిపోతుంది. అర అంగుళం పైపుతో 10 సెంటీమీటర్లు తగ్గడానికి గంటకు పైనే పట్టవచ్చు. తొందరైతే రెండు పైపులు కట్టండి. క్లోరిన్ కలిపిన నీళ్ళు కాబట్టి నోటితో పీల్చి సైఫన్ మొదలుపెట్టకండి.

గాలి రింగు పూల్‌లో రింగును కాలితో అణిచి నీళ్ళు కుమ్మరించడం కొందరికి అలవాటు. ఒక్కసారిగా వందల లీటర్లు దూకుతాయి. పక్కన నిలబడ్డ పసివాణ్ణి ఆ ధాటి కిందపడేస్తుంది. ఏ పద్ధతిలో తీసినా, తీసేంతసేపూ పిల్లలు పూల్‌లో ఉండకూడదు.

తీసిన నీళ్ళు వేసవిలో బంగారం. ఒకటి రెండు రోజులు క్లోరిన్ వేయకుండా ఆపి తీస్తే కొబ్బరిచెట్టుకు, పూలమొక్కలకు పెట్టవచ్చు, వాకిలి కడగవచ్చు. మళ్ళీ వాడుకుందామని డ్రమ్ముల్లో పట్టి ఉంచితే మాత్రం మూత బిగించాలి. పూల్‌లో లోతు తగ్గించి, పక్కనే మూతలేని డ్రమ్ము పెడితే ప్రమాదాన్ని చోటు మార్చినట్టే.

మట్టం ఒకసారి పెట్టాక అలాగే ఉండదు. ఎండలకు రోజుకు సుమారు ఒక సెంటీమీటరు దాకా ఆవిరవుతుంది, పిల్లలు చిమ్మేది అదనం. రాత్రి 5 సెంటీమీటర్ల వాన పడితే పొద్దున్నకు 5 సెంటీమీటర్లు పెరిగి ఉంటుంది. పిల్లలు దిగే ప్రతిసారీ ముందు కొలకర్ర దిగాలి.

నీళ్ళు తగ్గినప్పుడు పంపు, క్లోరిన్

ఫిల్టర్ పంపు నీళ్ళు లాగే కన్నం, తిరిగి వదిలే కన్నం పూల్ గోడకు ఉంటాయి. మీ మట్టం వాటికి కిందికి వస్తే పంపు గాలి పీల్చి, ఎండి, మోటారు కాలిపోతుంది. కొలకర్రతో పై కన్నం ఎత్తు చూసుకోండి. నీళ్ళు దానికి కనీసం రెండు మూడు సెంటీమీటర్లు పైన ఉంటేనే పంపు వేయాలి. అంతకన్నా తగ్గిస్తే ప్లగ్గు తీసేసి, పూల్‌తో వచ్చిన బిరడాలతో కన్నాలు లోపలి నుంచి మూసేయండి. పంపు నడిచే పూల్‌లో జల్లెడ మూతలు ఊడి ఉంటే పిల్లలను దించవద్దు. జుట్టు, వేళ్ళు చిక్కుకుంటాయి. పంపు లైనుకు ఎర్తింగ్, 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్చి) తప్పనిసరి. పిల్లలు నీళ్ళలో ఉన్నప్పుడు పంపు ఆపేసి ఉంచడం ఉత్తమం.

క్లోరిన్ కూడా లోతుతో పాటే తగ్గాలి. 10 అడుగుల పూల్‌లో 60 సెంటీమీటర్లకు 4,380 లీటర్లు, 40కి 2,920 లీటర్లే. పాత మోతాదే వేస్తే నీళ్ళు ఘాటెక్కి కళ్ళు మండుతాయి. లీటరుకు కనీసం 1 మిల్లీగ్రాము క్లోరిన్, పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణం కొలత) 7.0 నుంచి 7.8 మధ్య ఉండాలని అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ చెబుతుంది. టెస్ట్ స్ట్రిప్పులతో చూసుకోండి. పిల్లలు లేనప్పుడు బకెట్ నీళ్ళలో కరిగించి పోయాలి, కలియబెట్టాలి.

25 సెంటీమీటర్లలోపు నీళ్ళైతే ఈ మందుల జోలికే పోవద్దు. పంపు లేని చిన్న పూల్‌లో క్లోరిన్ నిలకడగా ఉండదు, డైపరు పిల్లలు దిగిన నీళ్ళు త్వరగా పాడవుతాయి. ఏ రోజు నీళ్ళు ఆ రోజే పారబోసి, కడిగి, ఎండలో కనీసం నాలుగు గంటలు ఆరబెట్టండి. దీంతో దోమల బెడద కూడా పోతుంది. డెంగీ దోమ గుడ్డు నుంచి రెక్కలొచ్చేదాకా వారం పది రోజులే, దానికి కావలసింది ఇలాంటి నిలవ నీళ్ళే. మన ఊళ్ళలో శుక్రవారం నిలవ నీళ్ళు పారబోసే డ్రైడే పెట్టేది అందుకే.

లోతు తక్కువైన నీళ్ళు ఎండకు త్వరగా వేడెక్కుతాయి. మే నెల మధ్యాహ్నం ఓవర్‌హెడ్ ట్యాంకు నీళ్ళైతే కాలతాయి కూడా. మోచేయి ముంచి చూసి, సాయంత్రం నీడ పడ్డాకే దించండి.

నిచ్చెన, గాలి రబ్బర్లు, పక్కన ఉండే మనిషి

ఆట అయిపోయిన వెంటనే నిచ్చెన తీసి పిల్లలకు అందని చోట దాచాలి. పూల్ గోడ దగ్గర కుర్చీ, బకెట్, పంపు డబ్బా లాంటివేవీ ఉండకూడదు, అన్నీ మెట్లే అవుతాయి. ఈ విషయంలో 2025 జులైలో అమెరికాలో పెద్ద కదలిక వచ్చింది. 48 అంగుళాలు, ఆపైన గోడ ఉన్న దాదాపు 50 లక్షల పూల్స్‌ను కంపెనీలు వెనక్కి పిలిచాయి. ఫ్రేమ్ కాళ్ళ బయటి నుంచి పోయే బిగింపు పట్టీ మీద కాలు పెట్టి పసిపిల్లలు ఎక్కేస్తున్నారని కారణం. 2007 నుంచి 2022 మధ్య అలా తొమ్మిది మంది పిల్లలు చనిపోయారు, అందరూ 22 నెలల నుంచి మూడేళ్ళ లోపువాళ్ళే. మీ పూల్‌కు అలాంటి పట్టీ ఉందేమో ఈరోజే చూడండి. అమెరికాలో ఉన్న మనవాళ్ళు కంపెనీ ఇచ్చే మరమ్మతు కిట్టు తెప్పించుకోవాలి, అది బిగించేదాకా చిన్నపిల్లలను ఆ పూల్ దరిదాపులకు రానివ్వకూడదు.

చేతులకు తొడిగే గాలి పట్టీలు, నడుము చుట్టూ వేసే ట్యూబులు బొమ్మలు మాత్రమే. తక్కువ నీళ్ళలో ట్యూబు తిరగబడితే తల కిందికి, కాళ్ళు పైకి అవుతాయి. దూకడం, తలకిందులుగా డైవ్ చేయడం ఈ పూల్స్‌లో ఏ లోతులోనూ వద్దు. మెడ విరుగుతుంది.

చూసుకునే మనిషి ఎవరో పేరు పెట్టి చెప్పండి. నలుగురు పెద్దవాళ్ళు చుట్టూ కూర్చుంటే ఎవరికి వారు పక్కవాళ్ళు చూస్తున్నారనుకుంటారు. పావుగంటకొకరు మారండి, మారేటప్పుడు 'ఇప్పుడు నువ్వు చూడు' అని నోటితో చెప్పండి. ఆ పావుగంటా ఫోన్ జేబులో ఉండాలి. మునిగే బిడ్డ అరవదు, చేతులు ఊపదు. చప్పుడు లేకుండా కిందికి పోతుంది.

ఒకవేళ బిడ్డ మునిగితే వెంటనే బయటికి తీసి గట్టి నేల మీద వెల్లకిలా పడుకోబెట్టండి. ఊపిరి లేకపోతే నోటిలోకి మెల్లగా రెండు ఊపిరులు ఊది, ఛాతీ మధ్యలో 30 సార్లు నొక్కండి. మళ్ళీ రెండు ఊపిరులు, 30 నొక్కులు. పక్కవాళ్ళు 108కి ఫోన్ చేయాలి, అమెరికాలో అయితే 911కి. కాళ్ళు పట్టుకుని తలకిందులుగా తిప్పడం, నీళ్ళు కక్కించాలని పొట్ట నొక్కడం మనవాళ్ళలో ఇంకా ఉంది. అవి చేయకండి. ఊపిరి అందించాల్సిన నిమిషాలు అందులో పోతాయి. పూల్ కొనే డబ్బు ఉన్నవాళ్ళు ఒక పూట సీపీఆర్ (ఇలా ఊపిరి ఊది ఛాతీ నొక్కే పద్ధతి) నేర్చుకోవడానికి కూడా సమయం పెట్టుకోవాలని నా గట్టి అభిప్రాయం.

బిడ్డకు అలవాటయ్యాక పెంచడం

నాలుగేళ్ళు దాటిన పిల్లలకు భయం పోయి నీళ్ళు అలవాటవుతుంటే లోతు కొద్దికొద్దిగా పెంచవచ్చు. ఒకేసారి 10 సెంటీమీటర్లు పెంచితే కాళ్ళ పట్టు తప్పుతుంది. వారానికి రెండు మూడు సెంటీమీటర్లు చాలు. పెంచే ముందు మూడు పనులు చేయించి చూడండి. ఈ చివర నుంచి ఆ చివరికి పట్టుకోకుండా నడవాలి. కూర్చుని తనంతట తానే లేవాలి. మొహం నీళ్ళలో పెట్టి, బుడగలు వదిలి, కంగారు పడకుండా పైకెత్తాలి. మూడింటిలో ఏది రాకపోయినా ఆ వారం అదే లోతు. మూడూ వస్తే కొలకర్ర మీది ఎర్ర టేపును రెండు సెంటీమీటర్లు పైకి జరపండి, బొడ్డు గీతకు 5 సెంటీమీటర్లు కిందున్న హద్దు మాత్రం దాటకూడదు. పిల్లలు వేసవిలో ఊరెళ్ళి నెల తర్వాత వస్తే టేపును మళ్ళీ పాత చోటికి దించి అక్కడి నుంచి మొదలుపెట్టండి.